సున్నా మీద ఒకటి

నేను ఒక నంబరు బిళ్ళను. ట్రాక్టరు బానెట్‌కు పక్కన, ఇంజను వేడి తగిలే చోట, జానెడున్నర పొడవు నల్లటి రేకు మీద తెల్లటి అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి చూశారా, అది నేను. నా మీద ఉన్న సంఖ్య 351. రోడ్డు మీద ట్రాక్టరును దాటుకుంటూ పోయేటప్పుడు మీరు నన్ను చదివే ఉంటారు. చదివి మరిచిపోయి ఉంటారు. నాకు మాత్రం మరపు లేదు, కుదురు అంతకన్నా లేదు. బండి మీదికి ఎక్కిన రోజు నుంచి నా వీపు కింద ఒక సున్నా ఉంది. దాని మీద పదిహేడేళ్ళు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

అంకెకు అబద్ధం చేతకాదని మీ నమ్మకం. మాట మారిస్తే మనిషిని నిలదీస్తారు గాని అంకెను నిలదీసినవాణ్ణి నేను చూడలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు అబద్ధం అవసరమైనప్పుడు ముందు మమ్మల్నే పిలుస్తారు. ఇదంతా సరిగ్గా చెప్పాలంటే నా పుట్టుకకు ముందు నుంచి మొదలుపెట్టాలి. కాస్త ఓపిక పట్టండి. నాకే లేదనుకోండి, మీరైనా పట్టండి.

నన్ను చేసింది కాడి మార్కు ట్రాక్టర్ల కంపెనీ. ఆ కంపెనీ పెట్టిన కొత్తలో నంబరు పెట్టడం అసలు ఒక పనే కాదట. చక్రపాణి అనే ఇంజనీరు మొదటి ఇంజను చేసి, దాని బలం కొలిస్తే ముప్పై అయిదు హెచ్‌పీ వచ్చింది. ఆయన సుద్దముక్క తీసుకుని బానెట్ మీద 35 అని రాశాడు. అదే పేరైపోయింది. తరువాత వచ్చిన చిన్న బండి 20, పెద్ద బండి 50. రైతు వచ్చి యాభై కావాలంటే యాభై గుర్రాల బలం ఇంటికి వెళ్ళేది. ఆ రోజుల్లో బిళ్ళగా పుట్టినవాళ్ళు అదృష్టవంతులు.

కొన్నేళ్ళకు రెండో తరం వచ్చింది. వెనక నాగలిని ఎత్తి దించే హైడ్రాలిక్ చేతులు వచ్చాయి. పాత బండికీ కొత్త బండికీ తేడా తెలియాలని చక్రపాణి ముందు ఒక 2 చేర్చాడు. 235 అంటే రెండో తరం, ముప్పై అయిదు. మొదటి అంకెలో వయసు, చివరి రెండింటిలో బలం, ఇంతకన్నా ఎవరికైనా ఏం కావాలి అని ఆయన అనేవాడట. కానీ ఆ కొత్త ఇంజను నిజానికి ముప్పై ఎనిమిది లాగేది. 238 అని పెట్టబోతే అమ్మకాలవాళ్ళు పడనివ్వలేదు. రైతులు ముప్పై అయిదుకు అలవాటు పడ్డారు, ముప్పై ఎనిమిదంటే డీజిల్ ఎక్కువ తాగుతుందని జడుస్తారు అన్నారు. ఉన్నదాని కంటే తగ్గించి చెప్పడం వినయమే కదా అని చక్రపాణి సర్దుకున్నాడు. అంకె బండి ఒంటి మీది నుంచి మొదటిసారి జారింది అక్కడే. ఒకసారి జారింది మళ్ళీ నిలబడుతుందా?

మూడో తరంలో 335, 350 వచ్చాయి. అదే ఏడు పోటీ కంపెనీ 355 దింపింది. వాళ్ళ లెక్కలో మొదటి అంకె తరం కాదు, ఇంజనులో ఉండే సిలిండర్లు. చివరి రెండు అంకెలూ ఏమిటో వాళ్ళకే తెలియాలి. కొనేవాళ్ళకు ఈ గొడవలేం పట్టాయి? రెండు బళ్ళనూ పక్కపక్కన నిలబెట్టి పిల్లల ఎత్తు చూసినట్టు చూస్తారు. అయిదు ఎక్కువున్నది పెద్దదంటారు.

అయితే 350 కొంప ముంచింది ఆ 355 కాదు, కూడిక. అనంతపురం వైపు డీలరు నాగభూషణం రైలెక్కి కంపెనీకి వచ్చి మరీ చెప్పుకున్నాడు.

"బండికి వంక పెట్టేదేం ల్యా సార్. ఎక్కి సూస్తారు, తోలి సూస్తారు, బాగుండాదంటారు. ఆకర్న ఏళ్ళు మడిసి కూడుతారు. మూడూ అయిదూ ఎనిమిది. శని నంబరు. రేపొస్తామని పోతారు. పద్దెనిమిది నెల్ల నుంచి నా బండ్లు ఎండలో నిలబడి ఆ రేపు కోసరం సూస్తాండాయి."

ఇదంతా నాకెలా తెలుసంటారా? నాగభూషణం మాట విన్నాక కంపెనీవాళ్ళు కొత్త నంబరు కోసం మూడు నమూనా బిళ్ళలు చేయించారు. 351, 354, 360. అందులో మొదటిదాన్ని నేను. వారం రోజులు మీటింగు బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా, బరువుగా కూర్చున్నాను. ఆ వారంలో విన్నదే ఇప్పటిదాకా చెప్పాను. అమ్మకాల మేనేజరు కమలాకర్ మమ్మల్ని ఒక్కొక్కరినే చేతిలోకి తీసుకునేవాడు. 354 కూడితే మూడు వస్తుంది, మంచి నంబరే, కానీ అవతలివాడి 355 పక్కన ఒకటి తక్కువై వెలవెలబోతుంది. 360 కూడితే తొమ్మిది, కానీ అరవై గుర్రాలని కొని పొలంలో యాభయ్యే లాగితే రైతు షోరూముకు వచ్చి కాలరు పట్టుకుంటాడు. 351 కూడినా తొమ్మిదే. పైగా అబద్ధం ఒక్కటంటే ఒక్కటే.

"ఆ ఒకటి ఎక్కడి నుంచి తెస్తారయ్యా? ఇంజను అదే కదా," అన్నాడు చక్రపాణి. అప్పటికి ఆయన రిటైరు కావడానికి ఏడాది ఉంది.

"ఇంజనులోంచి తేనక్కర్లేదు సార్. ఈ రేకులోంచి తెస్తే చాలు," అన్నాడు కమలాకర్.

చక్రపాణి నన్ను తిరగేసి నా వీపును బొటనవేలితో రుద్దాడు. అక్కడ ఏమీ లేదు, ఉత్త తెల్ల రేకు. చివరికి ఒక షరతు పెట్టాడు. బిళ్ళ మీద ఏమైనా వేసుకోండి, చాసిస్ మీద మాత్రం 350 అలాగే ఉంచండి, రేపు సామాను మార్చాల్సి వస్తే నిజం ఎక్కడో ఒక చోట ఉండాలి కదా అన్నాడు. కమలాకర్ వెంటనే ఒప్పుకున్నాడు. చాసిస్ నంబరును వంగి చదివేవాడు ఎవడుంటాడు?

కొత్తగా చేసిన 351 బిళ్ళలతో పాటు నన్నూ పెట్టెలో వేసి అనంతపురం పంపారు. షోరూము వెనక ఖాళీ స్థలంలో ఎర్రటి బళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ఏడాదిన్నర ఎండకు రంగు వెలిసి ఇటుకరాయి రంగుకు తిరిగింది. పాత 350 అంకెలు విడివిడిగా అతికించినవి. వాటిని పీకేస్తే కింద అసలు ఎరుపు చెక్కుచెదరకుండా బయటపడింది. ఒక మూడు, ఒక అయిదు, ఒక సున్నా, తడి ఆరని రంగులాగా మెరుస్తూ కనిపించాయి. ఆ గుర్తు కనబడకూడదనే నాకు వెడల్పాటి నల్ల రేకు పెట్టారని నాకు అప్పుడు తెలిసింది. నేను ఏదో చెప్పడానికి పుట్టానని అనుకుంటూ వచ్చాను. మూత పెట్టడానికి పుట్టానట. చెరో పక్క ఒక స్క్రూ బిగించి నన్ను ఆ సున్నా మీద కూర్చోబెట్టారు.

ఆ వారంలోనే ఎర్రిస్వామి వచ్చాడు. కళ్యాణదుర్గం అవతల ఊరు ఆయనది, బండరాళ్ళు తోలే మనిషి. పోయినసారి ఇదే బండిని తోలి చూసి, కూడి చూసి, వెళ్ళిపోయినవాడే. కొత్త నంబరు చూసి ఇది వేరే బండి అనుకున్నాడు. ఈసారి నా ముందు నిలబడి వేళ్ళు మడిచాడు. ముఖం విప్పారింది. "తొమ్మిది. ఇది తీస్కుంటా," అన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి తొక్కించుకుంటూ బయటికి తోలాడు. దారిలో పొలాల్లో ఉన్నవాళ్ళు అడిగితే, యాభై కన్నా ఒకటి ఎక్కువ లాగుతుందని చెప్పాడు. నా కింద సున్నా మెలితిరిగింది. లేదా ఇంజను వణుకుకు నేనే మెలితిరిగానేమో.

పదకొండేళ్ళు ఎర్రిస్వామి ఆ ఒక్క గుర్రాన్ని నమ్ముకుని ప్రతి లోడులో రెండు రాళ్ళు ఎక్కువ వేయించాడు. ఎక్కించేవాళ్ళు చాలంటే, "త్రీ ఫిఫ్టీ వన్ అప్పా ఇది" అనేవాడు. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజను మూలిగేది. ఆ మూలుగు నాకు తెలిసేది. లేని గుర్రం కోసం ఉన్న యాభై గుర్రాలూ చెమటోడుస్తున్నాయి. చెబుదామంటే నాకు నోరు లేదు. ఉన్న మూడు అంకెలే నా నోరు, అవి తెల్లారి లేస్తే అబద్ధమే చెబుతాయి.

ఎర్రిస్వామి దగ్గర చేరిన మూడో ఏడు సర్వీసుకు వెళ్తే షోరూములో కొత్త బండి కనిపించింది. దాని బానెట్ మీద కూడా 351. సంగతేమిటంటే, మా నంబరు అమ్ముడుపోతోందని చూసి కంపెనీ ఆ పేరుకు తగ్గ బండినే తయారుచేసింది. ఇంజను వేరు, క్లచ్ వేరు. మా క్లచ్ ప్లేటు పదకొండు అంగుళాలు, దానిది పన్నెండు. చక్రపాణి లెక్కలో అది నాలుగో తరం, 450 కావాలి. ఆయన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. బజారులో పేరున్న అంకెను ఎవరు వదులుకుంటారు? సామాన్ల పుస్తకంలో 351 అంటే ఇక కొత్తదే. మాలాంటి పాతవాళ్ళ గురించి డీలర్లకు ఒక చీటీ వచ్చింది. బిళ్ళ చూడొద్దు, చాసిస్ నంబరు చూసి సామాను ఇవ్వండి అని అందులో ఉంది. నాగభూషణం ఆ చీటీని గోడకు అంటించాడు. నాలుగేళ్ళకు షోరూము మూతపడింది, గోడతో పాటు చీటీ కూడా పోయింది.

ఆ తరువాత కంపెనీ నంబర్లకు పిచ్చి పట్టింది. పోటీవాడి దగ్గర నాలుగువందలు ఉన్నాయని నాలుగును దాటి అయిదుకు దూకారు. అయిదు నుంచి ఏడుకు. ఆపైన అంకెలు చాలక ప్లస్ అనీ, సూపర్ అనీ తోకలు తగిలించారు. రోడ్డు మీద నన్ను దాటిపోయే ప్రతి కొత్త బిళ్ళనూ చదివేవాణ్ణి. నీ కింద ఏముంది, నీ కింద ఏముంది అని అడగాలని నా ప్రాణం కొట్టుకునేది. వాళ్ళు ఆగేవాళ్ళు కాదు.

ఎర్రిస్వామి ముసలివాడై బండిని గంగరత్నకు అమ్మాడు. నలభై ఏళ్ళ మనిషి. ఆమెకూ ఆమె మొగుడు ముత్యాలప్పకూ పన్నెండెకరాల ఎర్రనేల ఉంది. నీళ్ళు లేవు, వానే దిక్కు. ముత్యాలప్పకు యంత్రాలంటే బెదురు కాబట్టి స్టీరింగు ఆమెదే. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, భర్త పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని బండి తోలేది. బాగా తోలేది. ఎర్రిస్వామిలాగా ఏనాడూ ఇంజనును ఏడిపించలేదు.

ఆమెకు ఒక అలవాటుంది. ఎక్కడ ఆగినా, ఎవరి కోసం ఎదురుచూసినా, బానెట్ పక్కన నిలబడి చూపుడువేలితో నన్ను కొడుతుంటుంది. టక్, టక్, టక్. ఆమె కూడా నాలాగే కుదురు లేని మనిషి. ఆ దెబ్బలకు రెండో ఏడే ఒక స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయింది. అప్పటి నుంచి ఒక్క స్క్రూ మీద వేలాడుతూ, బండి కదిలినంతసేపూ దడదడమని కొట్టుకునేవాణ్ణి. ముత్యాలప్ప పీకేస్తానన్నాడు. "ఉండనీలే, నంబరు లేకుంటే బండి మొండిగా ఉంటాది," అంది గంగరత్న.

ఈ ఖరీఫ్‌కు ముందు రెండేళ్ళు ఆ నేలకు వాన సరిగ్గా పడలేదు. ఈ ఏడు జూలైలో ఒక బుధవారం సాయంత్రం పడింది. మంచి వాన. ఎర్రనేల సంగతి మీకు తెలిసి ఉండకపోవచ్చు. తడిసిన నేల పదును మీద ఉండేది రెండు రోజులో మూడు రోజులో. ఆ పదునులో వేరుశనగ విత్తితే మొలుస్తుంది, దాటితే విత్తనం మట్టిలో ఉడికిపోతుంది. గురువారం బురద ఆరింది. ఆ రోజే గంగరత్న, ముత్యాలప్ప కూర్చుని కాయలన్నీ ఒలిచి గింజలకు మందు కలిపారు.

శుక్రవారం పొద్దున ట్రాక్టరుకు గొర్రు కట్టి రెండెకరాలు విత్తారు. ముత్యాలప్ప గొర్రు వెనక నిలబడి, గింజలు చాళ్ళలోకి జారే గిన్నె, జడ్డిగంలో గింజలు పోస్తున్నాడు. మూడో ఎకరం మొదట్లో బండి నిలబడిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. కాలిన వాసన వచ్చింది. క్లచ్ పోయింది. ఎర్రిస్వామి రాళ్ళు దాన్ని తిన్నంత తినగా, మిగిలిన కాస్తా ఆ రోజుతో అయిపోయింది.

పదును రోజుల్లో ఖాళీ ట్రాక్టరు ఎక్కడా దొరకదు. ఎద్దులున్న ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు. మెకానిక్ దాదాపీర్‌ను పిలిపించారు. నిజాయితీ గల పనివాడని చుట్టుపక్కల పేరు. ఆయన చూసి, బండిని నడుము దగ్గర విడదీయాలి, పూట పడుతుంది, ఈలోపు ప్లేటు తెచ్చేయండి అన్నాడు. విప్పేదాకా ఆగితే కళ్యాణదుర్గం బస్సు వెళ్ళిపోతుంది. అందుకని పాత ప్లేటు చేతికి రాకముందే గంగరత్న బస్సెక్కింది. సామాన్ల కొట్లో మోడల్ అడుగుతారు, త్రీ ఫిఫ్టీ వన్ అంటుంది, వాళ్ళు పుస్తకం చూసి పన్నెండంగుళాలది ఇస్తారు. ఆమె బస్సు దుమ్ము కనుమరుగయ్యేదాకా నేను ఒంటి స్క్రూ మీద గాలికి కొట్టుకుంటూనే ఉన్నాను. కాదమ్మా కాదు అని అరవడానికి నాకు చేతనైంది అంతే.

మూడింటికి ఆమె తిరిగివచ్చింది. దాదాపీర్ రెండు ప్లేట్లనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కొత్తది చుట్టూ అరంగుళం బయటికి వచ్చింది. 

"వాళ్ళు తప్పిచ్చినారా అన్నా?" అంది గంగరత్న.

"లేదక్కా. త్రీ ఫిఫ్టీ వన్‌కు ఇదే. లోపలుండేదే తప్పు. ముందరుండినోడెవడో పాత త్రీ ఫిఫ్టీ సామాను తెచ్చి దీన్లో కుక్కినాడు. పెద్ద బండికి చిన్న ప్లేటేస్తే కాలక ఏమైతాది?"

"ఇన్నేండ్లూ దాంతోనే లాగింది గదా. చిన్నదే తెచ్చి ఏసెయ్యి. నా పదును పోతాది."

"ఏస్తా. మల్ల వారానికి కాల్తాది. తప్పని తెలిసీ నేను ఏసేదెట్ల? ప్లేటు ఆనుకునే ఫ్లైవీలు కాడ్నించి మొత్తం త్రీ ఫిఫ్టీ వన్ సెట్టే పడాల. బెంగుళూరుకు ఫోన్ చేసినా, సోమారం వస్తాది."

చూశారా, ఆయన తెలివి తక్కువవాడు కాదు. అడ్డదారి తొక్కే మనిషైతే చిన్న ప్లేటు బిగించి పోయేవాడు, విత్తడం అయిపోయేది. మంచివాడు కాబట్టి నా మాట మీద నిలబడ్డాడు. పదిహేడేళ్ళు ఒక్క రోజూ మొరాయించని ఇంజను అబద్ధమైంది, రేకు ముక్క నిజమైంది. ఆ సాయంత్రం నాకు సిగ్గేసింది. ఇంతకంటే వేరే మాట దొరకడం లేదు.

ముత్యాలప్ప సంచుల పక్కన కూలబడ్డాడు. "మందు కలిపేసినాము. ఇంగ ఈ ఇత్తనం అమ్మేదానికి కాదు, తినేదానికి కాదు. మన్నులోనన్నా పడాల, గుంత తీసి పూడ్సనన్నా పూడ్సాల," అన్నాడు. గంగరత్న పొలంలోకి వెళ్ళి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కింది. ముద్ద అయింది.

శనివారం పొద్దున మళ్ళీ నొక్కింది. ముద్ద అయింది గాని తెరిచేసరికి రెండు ముక్కలైంది. ఆమె వచ్చి నా దగ్గర నిలబడింది. బానెట్‌ను విప్పి చేని గట్టుకు ఆనించి ఉంచారు. దాదాపీర్ వచ్చి పాత ఫ్లైవీలు విప్పుతున్నాడు. చేయడానికి ఆమెకు ఏమీ లేదు. పొలం వైపు చూస్తూ, వేలితో నన్ను కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. ఎప్పటికన్నా గట్టిగా, ఎప్పటికన్నా త్వరగా. అరిగిపోయిన స్క్రూ గాట్లు ఒక్కొక్కటే వదులుతున్నాయి. కొట్టు తల్లీ, ఇంకొక్కటి కొట్టు అనుకున్నాను. కొట్టింది. నేను ఊడి ఆమె కాలి దగ్గర బోర్లా పడ్డాను.

ఆమె నన్ను తీయడానికి వంగి, మధ్యలోనే ఆగిపోయింది. వెలిసిపోయిన బానెట్ మీద, నేను ఉన్న మేరకు, మొదటి రోజు ఎరుపులో మూడు అంకెలు.

"దాదాపీరన్నా, ఇట్ల రా. ఈడ సున్న ఉంది."

ఆయన నూనె చేతులతో వచ్చాడు. ఆ సున్నా అంచు వెంబడి వేలు పెట్టి తిప్పాడు. వెళ్ళి, స్క్రూడ్రైవరుతో చాసిస్ మీది గ్రీజు, మట్టి గీకాడు. డీజిల్ గుడ్డతో తుడిచాడు. చక్రపాణి పట్టుబట్టి ఉంచిన అంకెలు అక్కడ ఉన్నాయి, 350తో మొదలై. దాదాపీర్ అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"పుట్టినప్పుడే త్రీ ఫిఫ్టీ ఇది. ప్లేటు సరైందే. పాతబడి కాలింది, అంతే. బిళ్ళను నమ్మి బండిని తప్పు పట్టినానక్కా."

"పా, బండి తియ్యి," అంది గంగరత్న.

ఇద్దరూ మోటారు సైకిలు మీద కళ్యాణదుర్గం వెళ్ళి పదకొండంగుళాల ప్లేటు తెచ్చారు. దాదాపీర్ అన్నం కూడా తినలేదు. నాలుగింటికి బండి కదిలింది. చీకటి పడేలోపు నాలుగెకరాలు విత్తారు. ఆదివారం తెల్లారగానే మొదలుపెట్టి మరో మూడు. అప్పటికి గాలి లేచింది, గొర్రు వెనక దుమ్ము లేచింది. ముత్యాలప్ప పిడికిలి నొక్కి చూపించాడు. మట్టి వేళ్ళ సందుల్లోంచి పొడిగా రాలిపోయింది. గంగరత్న బండి ఆపలేదు. మందు కలిపిన గింజలు ఇంక దేనికి? చివరి మూడెకరాలు దుమ్ములోనే విత్తింది.

ఇదంతా నేను టూల్‌బాక్సులో స్పానర్ల మధ్య పడి ఉండి చూశాను. ఒక పక్క మూత లేదు దానికి. తరువాతి వారం గంగరత్న నన్ను బయటికి తీసి, తిరగేసి, ఒళ్ళో పెట్టుకుని మేకుతో నా వీపు మీద గీకింది. ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయని చోటు అది. 350, ప్లేటు 11. అంకెలు వంకరగా వచ్చాయి. దాదాపీర్ రెండు కొత్త స్క్రూలతో నన్ను బోర్లా బిగించాడు. నా ముఖం లోపలికి, నా వీపు లోకానికి. ఇప్పుడు నా 351 ఆ పాత సున్నాకు ముఖం ఆనించి ఉంటుంది. ఇద్దరం మొదటిసారి ఎదురెదురుగా ఉన్నాం.

ఒకరోజు ఎర్రిస్వామి అటు వచ్చి, కొత్త గీతలు చూసి, వేళ్ళు మడిచి గతుక్కుమన్నాడు. "ఎనిమిదైతాది గదమ్మా. ఏంటికి రాస్తివి? చెరిపెయ్యి," అన్నాడు.

"శనారం దినమే లేసి నిలబడింది ఇది. దానికి భయం లేనప్పుడు నాకేంటికి పెద్దాయనా," అంది గంగరత్న.

ఆయన కాసేపు బండి చుట్టూ తిరిగి, తన పాత రాళ్ళ గీతలు తడిమి చూసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు ఆ దడదడ లేదు. గుట్ట మీదైనా గుంతలోనైనా కదలకుండా ఉంటాను. మనసు కూడా అలాగే కుదురుకుంటుందనుకున్నాను, కుదరలేదు. సాయంత్రం పూట బండిని పొలం అంచున నిలబెడతారు. నేనుండే పక్క చేను వైపుకే ఉంటుంది. తొమ్మిదెకరాల్లో పచ్చగా చాళ్ళు తీరి, పసుపు పూత మొదలైంది. ఆ పచ్చదనం ఒక చోట గీత గీసినట్టు ఆగిపోతుంది. అవతల మూడెకరాలు ఉత్త ఎర్రమన్ను. అక్కడక్కడా ఒక మొలక, అది కూడా వాడిపోయి ఉంటుంది.

నిన్న గంగరత్న నా పక్కన నిలబడి అటే చూస్తూ, అలవాటు కొద్దీ వేలితో నన్ను కొట్టింది. నేను చప్పుడు చేయలేదు. ముత్యాలప్ప వచ్చి ఏం చూస్తున్నావని అడిగాడు.

"ఏం ల్యా. ఇది శుక్రారం పొద్దున్నే ఊడి పడింటే బాగుండు."

పదిహేడేళ్ళుగా నేనూ అదే అనుకుంటున్నాను.